మొక్కయై వంగనిది మ్రానై వంగునా?

గత వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన దినమున ఒక గ్రామస్థుడు తన కుమారుని వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చెను. పిల్లవాడు ఎనిమిదవ తరగతిలో ఒకమాఱు తప్పినవాడు. తండ్రి చెప్పదలచిన మాట వెంటనే చెప్పక, నా గది గోడకు వ్రేలాడుచున్న క్యాలెండరువంక చాలసేపు చూచుచుండెను. దానిపై లోతులేని మట్టితొట్టిలో నిలిచియున్న పైను చెట్టు బొమ్మ యొకటి కలదు. అది జపాను దేశపు చెట్టనియు, దాని వయస్సు మన ముత్తాతల నాటి కంటె ఎక్కువనియు, ఎత్తు మాత్రము ఎనిమిదేండ్ల పిల్లవానిని మించదనియు, కొమ్మలకు తీగలు చుట్టి దానినట్లు తీర్చిదిద్దుదురనియు నేను చెప్పితిని. ఆయన ముఖము వికసించెను. "అయ్యవారూ, మావాణ్ణి గూడా ఇట్లాగే తీగెలు చుట్టి వంచండి. కళ్లు రెండూ వదిలి తక్కిన తోలు ఒలిచినా నేనేమీ అనను. మొక్కై వంగనిది మానై వంగునా?" అనెను.

పిల్లవాడు నావంక చూడలేదు. ఆ చెట్టువంక చూచెను. నేను నాడు తగిన సమాధానము చెప్పజాలక చిఱునవ్వు నవ్వి ఊరకుంటిని. ఆనాడు చెప్పలేని సమాధానమును ఈ సంచికయందు చెప్పదలచితిని. అది ఆ తండ్రికి మాత్రమే కాదు. పిల్లలను మాచేతులలో పెట్టిన తలిదండ్రులకందఱకును, వారిని తీర్చిదిద్దుచున్నామని తలచెడి మా యుపాధ్యాయులకును, తీర్చబడుచున్న మీకును.

ముందుగా ఆ చెట్టు సంగతి తెలిసికొందము. జపాను భాషలో 'బోన్' అనగా లోతులేని తొట్టి, 'సాయ్' అనగా నాటుట. తొట్టిలో నాటి, చిన్నదిగానే యుంచి, మహావృక్షపు ఆకృతి వచ్చునట్లు పెంచెడి చెట్టే బోన్సాయి. ఈ విద్యకు పుట్టినిల్లు చీనాదేశము. క్రీస్తుశకము 706వ సంవత్సరమున కట్టబడిన ఒక టాంగువంశపు రాకుమారుని సమాధి గోడలపై, తొట్టిలో చిన్న మొక్కలును రాళ్లును అమర్చి చేతులతో మోసికొని పోవుచున్న సేవకుల చిత్రములు నేటికిని కలవు. చీనానుండి జపానుకు చేరి ఆ విద్య అచ్చట తనదైన రూపము దాల్చినది.

బోన్సాయి అనునది వేఱొక మరుగుజ్జు జాతి యని చాలమంది తలతురు. అట్లు కాదు. సముద్రతీరమున నూఱడుగుల వఱకు పెరుగగల జపాను నల్లపైను గింజయే తొట్టిలో రెండు మూడడుగుల చెట్టగును. గింజలో భేదము లేదు, పెంపకములోనే కలదు. నల్లపైనునకు ఆకులు సూదులవలె జంటజంటగా నుండును. బెరడు ముదిరిన కొలది పగుళ్లువాఱి మొసలి వీపువలె గరుకెక్కును. కొండలయందు పెరిగెడి తెల్లపైనునకు ఒక్కొక్క కట్టలో అయిదేసి సూదులు. మన సంస్కృత గ్రంథములలోని సరళవృక్షము ఈ కుటుంబములోనిదే; అది హిమాలయపు సానువులయందు పెరుగును. మన సముద్రపుటొడ్డున సూదులవంటి ఆకులతో హోరుమనుచుండెడి సరుగుడు చెట్టును చూచి కొందఱు విద్యార్థులు అదియే పైను అనుకొందురు. సరుగుడు వేఱు జాతి. దాని సూదులు ఆకులే కావు, సన్నని రెమ్మలు. వానిని కణుపువద్ద లాగి చూచిన, చుట్టును పండ్లవలె నిలిచిన మిక్కిలి చిన్న పొలుసులే దాని నిజమైన ఆకులని తెలియును.

జపానులో షికోకు దీవియందు తకమత్సు అను పట్టణము కలదు. దాని పరిసరములలోని కినషి, కొకుబుంజి అను తావులయందు సుమారు రెండువందల యేండ్లనుండి రైతులు పైను బోన్సాయిని పైరువలె పండించుచున్నారు. వాన తక్కువ, ఎండ ఎక్కువ, నీరు నిలువని ఇసుకనేల. పైనునకు అంతకంటె ఏమి కావలెను? జపానులోని పైను బోన్సాయిలలో నూటికి 80 పాళ్లు అచ్చటివే యని చెప్పుదురు. టోక్యో నగరమునకు ఉత్తరమున ఓమియా యను చోట బోన్సాయి గ్రామమే యొకటి కలదు. 1923వ సంవత్సరపు మహాభూకంపమున టోక్యో పాడైన తరువాత, అచ్చటి తోటమాలులు కొందఱు మంచి నేల, మంచి నీరు, మంచి గాలి వెదకికొనుచు వెళ్లి 1925లో ఆ గ్రామమును నెలకొల్పిరి. ఆ గ్రామస్థులు తమకు తామే నియమములు చేసికొనిరి: ప్రతి యింట పది బోన్సాయిలకు తక్కువ కాకుండ ఉండవలెను, తోట తలుపు అందఱకును తెఱచియుంచవలెను, రెండంతస్తుల మేడ కట్టరాదు, గోడకు మాఱుగా పచ్చని కంచె వేయవలెను. పొరుగువాని చెట్టుపై నీడ పడకుండ తన మేడను మానుకొనిన గ్రామము ఎంత గొప్పది!

ఇక అసలు ప్రశ్నకు వత్తును. ఈ విద్య క్రూరమైనది కాదా? స్వేచ్ఛగా ఆకాశమునకు పెరుగవలసిన చెట్టును తొట్టిలో బంధించి, తీగలు చుట్టి, కత్తిరించి, వంకరలు తిప్పుట హింస కాదా? ఈ యాక్షేపణ నేటిది కాదు. చీనాదేశమున గోంగ్ జిజెన్ అను విద్వాంసుడు 1839లో దీనిని గూర్చి ఒక చిన్న వ్యాసము వ్రాసెను. ఆ కాలమున పండితులు వంకరగా నున్న ప్లమ్ పూల చెట్టే అందమైనదనియు, నిటారుగా నున్నది అందము లేనిదనియు చెప్పుచుండగా, అమ్మకపు తోటమాలులు ధనాశచే నిటారు కొమ్మలు నఱికి, కట్లు కట్టి, చెట్లను రోగగ్రస్తములను చేయుచుండిరట. ఆయన అట్టి తొట్లు 300 కొని, తొట్లను పగులగొట్టి, కట్లు విప్పి, చెట్లను నేలలో నాటి, అయిదేండ్లలో వానిని స్వస్థపఱచెదనని ప్రతిన పట్టెను. ఆయన మాటలు చెట్లను గూర్చినవి మాత్రమే కావని చదివినవారందఱును గ్రహించిరి. దొరతనమువారి పరీక్షలకును పెద్దల యభిరుచులకును తగినట్లు యువకుల మనస్సులను వంకరలు త్రిప్పెడి ఆనాటి పద్ధతినే ఆయన నిందించెను.

ఆ మహాశయుని కోపము నాకు పూజ్యము. ఆయన చూచిన తోటమాలులు నిందార్హులే. అయినను, ఆ కోపమును మంచి తోటమాలికి అంటగట్టుట న్యాయము కాదు. మంచి తోటమాలి యేమి చేయునో నిదానముగా చూచినచో, బిడ్డను "వంచండి" యని మమ్ము కోరెడి తండ్రికిని, "వంచితిమి" యని గర్వించెడి ఉపాధ్యాయునికిని సిగ్గు కలుగునని నా యభిప్రాయము.

మొదటి సంగతి. చెట్టును చిన్నది చేయుటకు దానిని పస్తుంచుదురని లోకులు తలతురు. నిజము దానికి విరుద్ధము. నల్లపైను మొక్కకు నిండైన ఎండ కావలెను. జల్లెడ పట్టిన గరుకు మట్టి, నీరు నిలువని తొట్టి కావలెను. నూనె తీయగా మిగిలిన చెక్కను ఎరువుగా వేయుచుండవలెను. నీరు పోయుట నేర్చుటకే మూడేండ్లు పట్టునని అచ్చటి తోటమాలుల నానుడి. కాండము లావెక్కవలెనన్న, క్రిందిభాగమున నొక కొమ్మను కత్తెర తాకనీయక కొన్నియేండ్లపాటు ఇచ్చవచ్చినట్లు పెరుగనిత్తురు. అది ఆఱడుగులైనను, చూచుటకు వికారముగా నున్నను, దాని జోలికి పోరు. ఆ కొమ్మ పెరిగినందువలననే దాని క్రింది కాండము బలియును. పని తీఱిన పిమ్మట దానిని కోసివేయుదురు. అనగా, అందమైన చెట్టు వెనుక స్వేచ్ఛగా పెరిగిన సంవత్సరములు కలవు. ఆటలకు పోనీయక, కథలపుస్తకము ముట్టనీయక, ఏడవయేటనే పిల్లవానికి ట్యూషను మీద ట్యూషను పెట్టించు తలిదండ్రులు ఈ సంగతి గమనింతురుగాక. ఆటయందు గడచిన సాయంకాలము వ్యర్థముగా కనబడును. కాని కాండము లావెక్కునది అప్పుడే.

రెండవ సంగతి వేళ్లను గూర్చినది. మూడు నాలుగేండ్లకొకమాఱు, వసంతమున మొగ్గ కదలకమునుపు, చెట్టును తొట్టినుండి తీసి వేళ్లు కత్తిరించి క్రొత్తమట్టిలో నాటుదురు. అట్లు చేయునపుడు పైను వేళ్లనుండి పాతమట్టిని సాంతముగా కడిగివేయరాదు. ఆ మట్టిలో వేళ్లనంటుకొని తెల్లని బూజువంటిది ఒకటి యుండును. తెలియనివాడు దానిని తెగులని తలచి కడిగివేయును. అది తెగులు కాదు. వేళ్లకు నీటిని, లవణములను అందించి, మాఱుగా చెట్టునుండి ఆహారము గొనెడి చెలికాడు. పల్లెనుండి మన వసతిగృహమునకు వచ్చిన పిల్లవానికి వాని యూరి మాట, వాని యవ్వ చెప్పిన కథ, వాని యింటి యలవాట్లు అట్టి పాతమట్టి. నాగరకత నేర్పుచున్నామని వానినన్నిటిని ఒక్క సంవత్సరములో కడిగివేయబూనుదుమేని, మొక్క వాడుటకు ఎవరిని నిందింపవలెను?

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. దీనిని కొంచెము వివరింతును. వసంతమున నల్లపైను కొమ్మల చివరలనుండి కొవ్వువత్తులవంటి చిగుళ్లు నిలువుగా లేచును. వానిని ఊరకుండనిచ్చిన పొడుగాటి సూదులు వచ్చి చెట్టు ఆకృతి చెడును. కాబట్టి వేసవి మొదటిభాగమున, జపానులో జూను జూలై నెలలయందు, ఆ చిగుళ్లను మొదలంట కోయుదురు. కొన్ని వారములకు అచ్చటనే క్రొత్త మొగ్గలు పుట్టును. పెరుగుటకు మిగిలిన కాలము తక్కువగుటచే వాని సూదులు పొట్టివై అందముగా నుండును. ఇది గొప్ప కౌశలము. కాని దీనికి రెండు నిబంధనలు కలవు. ఒకటి: వసంతమంతయు ఎరువు తిని పుష్టిగానున్న చెట్టునకే ఈ కోత. రోగముతోనున్న చెట్టుకు, ఆ యేడే వేళ్లు కోసి నాటిన చెట్టుకు దీనిని చేయరాదు, చేసిన చచ్చును. ఒక యేడు ఒక పెద్దకోత చాలును. రెండు: పైను సహజముగా తన బలమంతయు తలకే పంపును; క్రింది కొమ్మలు, లోపలి కొమ్మలు నీరసించును. తోటమాలి దీనిని సరిపఱచుటకు మొదట బలహీనపు చిగుళ్లను కోయును. వారము పది దినములు గడచిన తరువాత బలమైన పైచిగుళ్లను కోయును. ఏల? ముందు కోయబడినవానికి తిరిగి పెరుగుటకు కాలము ఎక్కువ దొరకును. శరత్కాలమున సూదులు పెఱికివేయునపుడును అంతే: పైకొమ్మలకు కొన్నియే మిగుల్చును, క్రిందికొమ్మలకు ఎక్కువ ఉంచును. ఆ యుపాయము వలన కొన్నియేండ్లలో చెట్టంతయు సమబలమగును.

చదువరులారా, ఇచ్చట నా యపరాధ మొకటి చెప్పుకొనవలెను. చాలకాలము క్రిందట వేఱొక యూరి పాఠశాలలో నేను క్రొత్త యుపాధ్యాయుడనై యుంటిని. పాఠశాల ఫలితము నూటికి నూఱు రావలెనని అందఱికిని ఆశ. అర్ధసంవత్సర పరీక్షల తరువాత మందమతులనబడిన పిల్లలను పెద్దపరీక్షకు పంపక నిలిపివేయుటకు ఒక పట్టిక వ్రాయుమనిరి. నేను వ్రాసితిని. నా చేతివ్రాత చక్కనిదని మెచ్చిరి కూడ. పట్టికలోని యేడుగురిలో నలుగురు తిరిగి బడికి రాలేదు. ఆ యేటి ఫలితము పత్రికలలో పడెను. మేము మిఠాయి పంచుకొంటిమి. ఏమి చేసితిమి? పైకొమ్మకు ఎరువు పోసి, క్రిందికొమ్మను కోసివేసి, చెట్టు పొడుగుగా నున్నదని సంతోషించితిమి. జపాను తోటమాలి బలహీనమైన కొమ్మకు మొట్టమొదట కాలమిచ్చును. మేము దానికి అసలు కాలమే లేకుండ చేసితిమి. ఆ నలుగురిలో ఒకడు తరువాత బస్సు స్టాండులో నన్ను గుర్తుపట్టి, నా సంచి మోసి, నమస్కరించి వెళ్లెను. వాడు తిట్టియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

నాలుగవ సంగతి. పైను ముదిరిన కొమ్మపై, పచ్చని సూదులు లేని చోట, సాధారణముగా చిగురింపదు. చింత, వేప, మఱ్ఱి మోడుగా నఱికినను చిగిర్చును. పైను అట్లు కాదు. కొమ్మను పొట్టి చేయవలెనన్న ఆకుపచ్చ కొంతయైన వెనుక మిగులునట్లు కోయవలెను. పచ్చదనమును దాటి కోసిన ఆ కొమ్మ ఎండిపోవును. బిడ్డను దండించెడి పెద్దలందఱును ఈ నియమమును గోడపై వ్రాసికొనదగును. తప్పు చేసినవానిని మందలింపవలసినదే. కాని వానియందు ఏదో యొకటి, బొమ్మలు గీయుటయో, పరుగెత్తుటయో, తమ్ముని లాలించుటయో, పచ్చగా నుండును. "నీవెందుకును పనికిరావు" అను మాట ఆ పచ్చదనమును దాటి తెగిన కత్తెర. తరువాత ఎన్ని నీళ్లు పోసినను ఫలము సందేహమే.

అయిదవది తీగ. దీనినే ఆ తండ్రి మెచ్చుకొనెను గనుక దీనిని గూర్చి చెప్పక తప్పదు. రాగితీగను కాల్చి మెత్తనచేసి, గాని అల్యూమినియం తీగను గాని, కొమ్మచుట్టును ఏటవాలుగా చుట్టి, రెండుచేతుల బొటనవ్రేళ్ల నడుమ పట్టి, మెల్లమెల్లగా వంచుదురు. అప్పుడు కొమ్మలోపల కంటికి కానరాని చిన్నచిన్న పగుళ్లు కలుగును. చెట్టు ఆ పగుళ్లను క్రొత్త కలపతో పూడ్చుకొనును. పూడ్చుకొనిన తరువాత ఆ వంపు దానికి స్వంతమగును. కాబట్టి వంచునది తీగ కాదు, మాన్పుకొనునది చెట్టు. తీగ చేయగలిగినది అది మానువఱకు కదలకుండ పట్టుకొనుట మాత్రమే. అందువలన తీగ చుట్టుటకంటె, దానిని ఎప్పుడు తీయవలెనో తెలియుటయే విద్య. కొమ్మ బలియుచుండగా తీగ బెరడులోనికి దిగును. నల్లపైనునకు అట్టి మచ్చ పడిన చాలయేండ్లు మానదు. తీయునపుడుకూడ చుట్లు విప్పబోరు. కొమ్మ విఱుగునేమోయని తీగనే ముక్కలు ముక్కలుగా కత్తిరింతురు. తీగ పోయినను సరే, కొమ్మ నిలువవలెను.

నేను ఈ సత్యమును గ్రంథములవలన మాత్రమే ఎఱుగను. జపాను పైనునకు చలికాలపు విశ్రాంతి కావలెను గనుక మన కోస్తా వేడిమి దానికి సరిపడదు. అందుచే నేను ఒక సరుగుడు మొక్కను తొట్టిలో పెంచితిని. ఒక వేసవిలో దాని కొమ్మలకు తీగ చుట్టితిని. వానలు మొదలైనవి, పరీక్షాపత్రముల తొందరలో దాని సంగతి మఱచితిని. రెండునెలలకు చూతునుగదా, తీగ కనబడలేదు. బెరడు దానిని మ్రింగియున్నది. కత్తిరించి లాగగా పామువలె చుట్టుకొనిన మచ్చ మిగిలెను. అది నేటికిని అట్లేయున్నది. చెట్టు నేను కోరిన వంపే తిరిగినది, కాని ఆ వంపును చూచినప్పుడెల్ల నాకు కనబడునది మచ్చయే. మన యిండ్లయందును, తరగతులయందును, పదియేండ్ల బిడ్డకు తగిన కట్టుబాటు పదునాఱేండ్ల బిడ్డకును ఉంచి, "నామాట జవదాటడు" అని సంతోషించువారు లేరా? వాడు జవదాటనిది నిజమే; తీగ లోపలికి దిగియున్నది.

ఇక ఆ సామెత. "మొక్కయై వంగనిది మ్రానై వంగునా?" మన పెద్దలమాట యందు నాకు గౌరవము కలదు, లేతతనమున మంచియలవాటు సులభముగా అబ్బునను మాట నిజమే. కాని ఈ మాటను పెద్దపిల్లలయెడ నిరాశకు సాకుగా వాడుట తగదు. పైను కొమ్మలు ముదిరినవి కూడ వంగును. తోటమాలి తడిపిన నారను కొమ్మకు బిగువుగా చుట్టి, అది చీలకుండ కాపాడి, లావుపాటి తీగ వేసి, ఒక యేడు కొంత, మఱుయేడు మఱికొంత వంచును. కావలసినది బలము కాదు, వ్యవధి. తొమ్మిదవ తరగతిలో చదువు మొదలుపెట్టిన పిల్లవాడు, పెండ్లియై బిడ్డలున్న తరువాత అక్షరములు నేర్చిన తల్లి, వీరిని మనము చూడలేదా? మ్రానై వంగును, నార చుట్టువాడు ఉండవలెను.

ఇంతవఱకు చెట్టునకును బిడ్డకును పోలిక చెప్పితిని. పోలిక తెగెడి చోటును చెప్పకున్న నేనును గోంగ్ జిజెన్ నిందించిన వారిలో చేరుదును. చెట్టు ఎవరి కంటికొఱకు తీర్చబడుచున్నదో వాడు వేఱు, చెట్టు వేఱు. బిడ్డ యట్లు కాదు. బిడ్డ మన చూపుకొఱకు పుట్టలేదు. చెట్టునకు ఎన్నడును కత్తెర చేతికీయము. బిడ్డకు ఒకనాడు కత్తెరయు, తీగయు అప్పగించి మనము తప్పుకొనవలెను. ఆ దినముకొఱకే ఈ చదువంతయు. జపానువారికిని ఈ భేదము తెలియును. వారి నో నాటకములలో 'హచి నో కి', అనగా 'తొట్టిలోని చెట్లు' అనునది యొకటి. మంచుకురియు రాత్రి ఒక బాటసారి సన్న్యాసి నిరుపేదయైన వీరుని గుడిసెకు వచ్చును. చలి కాచుటకు కట్టెలు లేవు. ఆ వీరుడు తన పూర్వవైభవములో మిగిలిన మూడు తొట్టిచెట్లను, ప్లమ్ పూల చెట్టును, చెఱ్ఱీని, పైనును, నఱికి నెగడు వేయును. చెట్టును ప్రాణముగా పెంచిన జాతియే ఈ కథను శిరసావహించినది. ఎన్నియేండ్లు పెంచినను చెట్టు చెట్టే. వణకుచున్న మనుష్యుడు మనుష్యుడే. మార్కుల పట్టికలును, బహుమానపు పళ్లెములును, పాఠశాల కీర్తియు మన తొట్టిచెట్లు. ఒక బిడ్డ చలికి వణకుచుండగా వానిని కాపాడుకొనుచు కూర్చుండుట తగునా?

కడపట మఱియొక చెట్టు. 1625వ సంవత్సరమునుండి తొట్టిలో పెరుగుచున్న తెల్లపైను ఒకటి హిరోషిమా నగరమున యమాకి యను కుటుంబమువారి తోటలో నుండెను. 1945వ సంవత్సరము ఆగష్టు 6వ తేదీని ఆ నగరముపై అణుబాంబు పడెను. పడినచోటికి ఆ తోట మూడు కిలోమీటర్లు సుమారు. తోటచుట్టునున్న గోడ ఆ చెట్టును కాపాడెను. ఇంటివారు పగిలిన గాజుపెంకులు తగిలియు బ్రతికి బయటపడిరి. 1976లో ఆ కుటుంబపు పెద్ద మసారు యమాకి ఆ చెట్టును, బాంబు వేసిన దేశమైన అమెరికాకు, ఆ దేశపు స్వాతంత్ర్యమునకు రెండువందల యేండ్లు నిండిన సందర్భమున కానుకగా నిచ్చెను. వాషింగ్టను నగరమునందలి జాతీయ వృక్షోద్యానములో దానిని పెంచుచుండిరి. ఆ చెట్టు హిరోషిమా బాంబును దాటినదను సంగతి ఇరువదియైదేండ్లవఱకు అచ్చట ప్రచారములో లేదు. 2001లో ఆయన మనుమలిద్దఱు చెట్టును చూడవచ్చి చెప్పినపుడే లోకమునకు తెలిసెను. నాలుగువందల యేండ్లుగా ఎందఱి చేతులు దానికి నీరు పోసెనో! వారిలో ఒక్కరైనను చెట్టు పూర్తియగుట చూడలేదు. ఏలయన బ్రతికియున్న చెట్టు పూర్తికాదు. తన పనికి ఫలము తానే చూడవలెనని, అదియును మార్చినెల పరీక్షలలోపల చూడవలెనని, తొందరపడు మనకు ఇది పాఠము కాదా?

కావున నా మనవులు మూడు. తలిదండ్రులారా, మీ బిడ్డ ఫలితపు కాగితము వచ్చినపుడు, ఏమి తక్కువ వచ్చినదో అడుగుటకు ముందు, ఏమి పచ్చగా నున్నదో అడుగుడు. సహోపాధ్యాయులారా, ఈ సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షల తరువాత ప్రత్యేక తరగతులు పెట్టునపుడు, మొదటి రెండునెలలు వెనుకబల్లలవారికే యిత్తము. ముందుబల్లలవారు తరువాత వత్తురుగాక, వారికి బలము కలదు. ఎవరినైన పరీక్షకు పంపక నిలుపవలసివచ్చిన, వాని యింటికి పోయి, తండ్రితో మాటలాడి, మఱుసటి యేటి యుపాయము నిర్ణయింపకుండ పట్టిక వ్రాయకుందము. విద్యార్థులారా, మీపైనున్న తీగ నొప్పించినచో చెప్పుడు. చెప్పుట అవిధేయత కాదు. అయితే తీగయన్నంత మాత్రమున కోపగింపకుడు. పగులు మాన్పుకొనెడి శక్తి మీలోనిదే గాని తీగలోనిది కాదని మఱవకుడు.

ఆ తండ్రి నిన్నటి తలిదండ్రుల సభకు మరల వచ్చెను. "వంచినారా?" అని నవ్వుచు అడిగెను. "వంచలేదు, ఎండలో పెట్టి నీరు పోయుచున్నాము" అంటిని. ఆయన కొంత నిరాశపడినట్లే కనబడెను. వాడు గణితములో ఇప్పటికిని వెనుకబడియే యున్నాడు, అబద్ధమాడను. కాని వసతిగృహము వెనుక, పగిలిన కుండపెంకులో ఒక సరుగుడు మొక్కను నాటి రోజును నీరు పోయుచున్నాడు. దానికి తీగ ఎప్పుడు చుట్టవలెనని మొన్న నన్నడిగెను. ముందు దానిని పెరుగనిమ్మంటిని.